తిరకాసమ్మ కాలర్లో సూది

దేవకన్యలను పట్టుకోవడానికి మనుషులు కనిపెట్టినన్ని ఉపాయాలు ఎలుకలను పట్టుకోవడానికి కూడా కనిపెట్టలేదు. ఒక దేశంలో స్నానానికి దిగినప్పుడు రెక్కల వస్త్రం దాచేస్తారు. ఇంకో దేశంలో, పేరు పలికితే కోపం వస్తుందని ‘మంచివాళ్లు’ అంటూ గౌరవంగా పిలుస్తూనే, గుమ్మం దగ్గర గిన్నెడు పాలు పెట్టి ఇంటిచాకిరీ అంతా చేయించుకుంటారు. ఆ కథలన్నీ పట్టుకున్నవాళ్లు చెప్పినవే. ఎంత తెలివిగా పట్టుకున్నారో చెబుతారు గానీ, పట్టుబడినదాని కడుపుకోత గురించి ఒక్క ముక్క చెప్పరు.

ఈ కథలో దర్జీకి పెద్దగా తెలివి కూడా అవసరం కాలేదు. వాళ్ల తాత చెప్పిపోయిన చిట్కా ఉంది. దేవకన్య తొడుక్కున్న బట్టలో ఇనప సూది గుచ్చితే చాలు, అది తీసేదాకా ఆమె ఆ ఇంటి గడప దాటలేదు, చాకిరీ చేస్తూ పడి ఉంటుంది. ఇనుము తాకితే వేళ్లు కాలతాయి కాబట్టి తనంతట తాను తీసుకోలేదు. ‘ఎవరు తీసినా నీ చేత్తో మాత్రం తీయకురా’ అని కూడా తాత హెచ్చరించాడు. ఇంకెవరు తీసినా ఆమెకు దారి దొరుకుతుంది, అంతే. గుచ్చిన చెయ్యే తీస్తే మాత్రం పరిహారం ఇచ్చుకోవాలి. ఏం పట్టుకెళ్లాలో ఆ ఇంటివాళ్లే నోటితో చెప్పాలి, చెప్పింది ఆమె పట్టుకెళుతుంది.

కొట్టు వెనక సందులో కత్తిరింపు ముక్కలు పడేసే బుట్ట ఉండేది. ఏటి ఒడ్డున రెల్లుపొదలో పడుకోబెట్టిన పసిబిడ్డ కింద పరచడానికి మెత్తటి గుడ్డ కోసం ఒక దేవకన్య అప్పుడప్పుడు ఆ బుట్ట దగ్గరికి వచ్చేది. ఊరికే తీసుకుపోయే జాతి కాదు వాళ్లది. ఆమె వచ్చి వెళ్లినప్పుడల్లా కొట్టులో చిక్కుపడిన దారాలన్నీ విడిపోయి ఉండేవి. దర్జీ ఆ ఉపకారం గమనించాడు, గమనించి ఆశపడ్డాడు. ఒక సాయంత్రం కిటికీ పక్కన నక్కి, ఆమె వంగగానే మెడ వెనక కాలర్లో సూది దించేశాడు.

“నా బిడ్డ అక్కడ ఒక్కతే ఉంది. పాలు తాగే పిల్ల. వెళ్లి తెచ్చుకోనివ్వు, నీ పని చేస్తాను,” అంది ఆమె.

“ముందు కొట్టు ఊడువు. తర్వాత చూద్దాం,” అన్నాడు దర్జీ.

ఆ తర్వాత అనేది రానే లేదు. కొద్ది రోజులకే ఆమె రొమ్ముల్లో పాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఆ జాతి తల్లులకు బిడ్డ పోయిన కబురు అలాగే అందుతుంది. ఆమె గోడకు ఆనుకుని కూలబడిపోతే, దర్జీ భార్య చూసి పొగరనుకుంది. ఆ రోజుతో ఆమెకు వెళ్లాల్సిన చోటు లేకుండా పోయింది. పగ ఒక్కటే మిగిలింది, దాన్నే సాకుతూ వచ్చింది.

కొట్టు ఊడవమన్న ఆ మొదటి సాయంత్రం ఆమె లోపలికి వస్తూనే బుట్టెడు చెత్తా తెచ్చి కొట్టు మధ్యలో కుమ్మరించింది. తాత చెప్పడం మరిచిపోయిన సంగతి ఇదే. సూది కింద ఉన్న దేవకన్య ఏ పని చెప్పినా తలకిందులుగా చేస్తుంది. కావాలని కాదు, ఆ కట్టు తీరే అంత. నీళ్లు పట్టమంటే నిండిన బిందె ఒలకబోసేది. బట్టలు మడతపెట్టమంటే ఉన్న మడతలు విప్పేసేది. మొగుడూ పెళ్లాలకు తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి ఒళ్లు మండిన దర్జీ భార్య, ఇక నువ్వు ఒక్క గిన్నె కూడా తోమకు తల్లీ అని దండం పెట్టింది. ఆమె వెళ్లి గిన్నెలన్నీ తళతళలాడేలా తోమి పెట్టింది. కిటుకు దొరికింది. అప్పటి నుంచి ఆమె పేరు తిరకాసమ్మ.

ఇక ఆ ఇంట్లో మాటలే తిరగబడ్డాయి. ఉతక్కు అంటే ఉతకాలి, తుడవకు అంటే తుడవాలి. పొద్దస్తమానం అదే పాట అయ్యేసరికి అలవాటు ఆమె దగ్గరే ఆగలేదు. కోటు కోసం వచ్చిన పెద్దమనిషితో దర్జీ, రేపు మాత్రం రాకండి, రెడీగా ఉంటుంది అనేవాడు. ఆయన అయోమయంగా తల గోక్కుంటూ వెళ్లేవాడు. మీరు తినకండి, చల్లారిపోతోంది అని భార్య లోపలి నుంచి కేకేసేది. తర్వాత ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు. తీరిగ్గా ఉన్నప్పుడు సరిగ్గానే మాట్లాడేవాళ్లు. తొందరలో, కంగారులో మాత్రం నాలుక ఆ తిరకాసు దారే పట్టేది. తిరకాసమ్మ నవ్వేది కాదు. ఆ కంగారు మాటలన్నీ చెవిన వేసుకుంటూ ఉండేది.

దర్జీకి పాప పుట్టింది. ఎత్తుకోకు, ఊపకు, స్నానం చేయించకు అంటూ పిల్లను తెచ్చి ఆమె ఒళ్లో పడేశారు. తన బిడ్డను దిక్కులేకుండా చేసినవాళ్ల బిడ్డ. మొదట్లో ఆ ఏడుపు వింటే ఆమెకు గుండెల్లో మంట రేగేది. కానీ పిల్ల పెరిగి మాటలు వచ్చాక, ఆ ఇంట్లో ఎవరూ చేయని పని ఒకటి చేసింది. అడిగింది. కథ చెబుతావా, జడ వేస్తావా, నీకు ఆకలేస్తోందా అని అడిగేది. ఆజ్ఞకే తిరకాసు గానీ, అడిగితే ఆమె అడిగినట్టే చేసేది. ఆ సంగతి పెద్దవాళ్లకు తెలియదు. ఏనాడైనా అడిగితే కదా తెలియడానికి.

ఒకసారి పాప ఆమె మెడ వెనక తడిమి, ఈ సూది గుచ్చుకోవడం లేదా, తీసెయ్యనా అని అడిగింది. తిరకాసమ్మ ఊఁ అంటే చాలు, ఆ క్షణమే బయటపడేది. వద్దు తల్లీ అని పాప చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుంది. ఉత్త దారి ఆమెకు అక్కర్లేదు. ఆ సూది దర్జీ చేత్తోనే రావాలి.

దర్జీలకో అలవాటుంది. దారం ఎక్కించిన సూదిని ఎక్కడ పడితే అక్కడ గుచ్చేస్తారు, తమ చొక్కా మీద, కిటికీ తెర మీద, పక్కన నిలబడ్డవాళ్ల భుజం మీద. కళ్లు కుట్టు మీదే ఉంటాయి, చెయ్యి దానంతట అది వెళ్లి సూది తెచ్చుకుంటుంది. తిరకాసమ్మ ఆ చేతికి అందేంత దూరంలో నిలబడటం మొదలుపెట్టింది. బట్ట అంచు పట్టుకునే నెపంతో అతని పక్కనే వంగి ఉండేది. కొన్నాళ్లకు ఆమె భుజమే అతని సూదుల దిండయింది. ఒక సూదితో కట్టుబడ్డదాన్ని ఇంకో సూది కట్టలేదు గానీ, ఇనుము ఇనుమే కదా, బట్ట మీది నుంచే చర్మం ఉడికిపోయేది. పళ్ల బిగువున ఓర్చుకుంది. రోజుకింతగా ఆ సూదులు భుజం నుంచి మెడ వైపు, మెడ నుంచి కాలర్ వైపు జరిగేలా తనే కాస్త కాస్త ఒదిగి నిలబడేది.

పేరున్న గాయని ఒకావిడ కచేరీకి వేసుకునే మఖమల్ గౌను చివరి కొలత చూసుకోవడానికి వచ్చిన పొద్దు అది. ఆవిడకు రైలు టైమైపోతోంది. దర్జీ మోకాళ్ల మీద కూర్చుని, అంచు చుట్టూ సూదులు గుచ్చుకుంటూ పోతున్నాడు. బట్ట మందం, అంచు పొడవు. ఇంకా ఎంతసేపయ్యా అని గాయని విసుక్కుంటోంది. చొక్కా మీది సూదులు అయిపోయాయి. తిరకాసమ్మ భుజం మీదివీ అయిపోయాయి. కళ్లు అంచు మీదే ఉంచి దర్జీ చెయ్యి వెనక్కి చాచాడు. ఆమె మెడ వంచింది. చెయ్యి కాలర్ తడిమింది, దొరికినదాన్ని లాగింది, తెచ్చి మఖమల్‌లో గుచ్చింది.

తిరకాసమ్మ నిటారుగా నిలబడింది.

ఏదో చల్లగాలి తగిలినట్టయి దర్జీ తలెత్తాడు. అంచులో తుప్పు పట్టిన సూది కనిపించింది. అది ఏ సూదో, తీసింది ఎవరి చెయ్యో అప్పుడు తెలిసింది.

“ఏం పట్టుకెళ్లమంటావు?” అంది ఆమె. గుమ్మంలో రీళ్లతో ఆడుకుంటున్న పాప వైపు ఒకసారి చూసింది.

ఆ చూపుకు దర్జీ పై ప్రాణాలు పైనే పోయాయి. కొట్టు మొత్తం ఇచ్చేద్దామనుకున్నాడు, మిషన్లు, తాన్లు, ఇల్లు, ఏదైనా సరే, పాప మిగిలితే చాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు పాపం, అందులో అబద్ధం లేదు. కానీ ఇన్నేళ్లుగా ఆమెకు మాట ఎలా చెప్పాడో నాలుక అలాగే చెప్పింది.

“కొట్టు ముట్టుకోకు. పాపను తీసుకుపో.”

భార్య లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. చూడగానే ఆమెకు అంతా అర్థమైంది, ఏడుస్తూ చేతులు జోడించింది.

“తీసుకుపో తల్లీ. మా పాపను తీసుకుపో.”

అనేశాక ఇద్దరికీ తెలిసింది. దర్జీ అది కాదు, అది కాదు అంటూ నేల మీద పాకాడు. భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది. వాళ్లలో ఒక్కరైనా, మా పాపను వదిలేస్తావా అని అడిగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. అడగడం ఆ ఇంట్లో పాపకు ఒక్కదానికే వచ్చు.

“ఎక్కడికి వెళ్తున్నావు? నేనూ రావచ్చా?” అంది పాప.

“రావచ్చు,” అని దేవకన్య చెయ్యి చాచింది. ఆ ఇంట్లో అంతకాలం ఉండి, పెద్దవాళ్లు చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆమెకు అదే మొదలు. ఇద్దరూ గడప దాటి సందులోకి వెళ్లారు, బుట్ట దగ్గర ఆగి ఒక మెత్తటి ముక్క ఏరుకున్నారు, ఏటి దారి పట్టారు. వెనక పరుగెత్తినవాళ్లకు వాళ్ల నీడ కూడా దొరకలేదు.

ఊరు జాలిపడలేదు. దర్జీ సూది కథ చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. గాయని మాత్రం కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది, నా చెవులారా విన్నాను, కొట్టు ముట్టుకోకు, పిల్లను తీసుకుపో అన్నాడా కన్నతండ్రి, కన్నతల్లి కూడా అదే మాట అంది అని. కొట్టు గడప తొక్కేవాళ్లు లేకపోయారు.

దర్జీ ఇప్పటికీ సాయంత్రాలు ఏటి ఒడ్డుకు వెళతాడు. ఇవాళ సరిగ్గా పిలవాలి అని దారి పొడుగునా మనసులో ఆ ఒక్క మాటే అనుకుంటూ వెళతాడు. తీరా రెల్లుపొదలు కదిలి, లోపలి నుంచి పాప నవ్వు వినిపించేసరికి కంగారు ముంచుకొస్తుంది.

“రాకమ్మా,” అని ఏడుస్తాడు. “నా దగ్గరికి రాకమ్మా.”

పొదలో పాప ఆట ఆపి చెవి ఒగ్గుతుంది.

“నాన్న రమ్మంటున్నాడా?” అని అడుగుతుంది.

“విన్నావుగా, రావద్దంటున్నాడు,” అంటుంది దేవకన్య, జడ అల్లుతూ.