బండి గుద్దిన మనిషి

ఎవెలియో ఉడకబెట్టిన చొంతదూరో పండుకు ఉప్పు అద్దుకుని సగం కొరికాడు. మిగతా సగాన్ని అంబులెన్సు కిటికీ అంచున పెట్టి మళ్ళీ కూడలి వైపు చూశాడు. కాలీ నగరంలో అంబులెన్సులు ఆసుపత్రుల ముందు ఆగవు. బస్సులూ మోటారు సైకిళ్ళూ గుద్దుకునే ఇలాంటి చోట్ల కాచుకుని ఉంటాయి.

అతనికి యాభై దాటాయి. డ్రైవరు సీటుకు అలవాటుపడి వీపు గూనిగా వంగింది. కుడి చూపుడు వేలికి గోరు లేదు, ఎప్పుడో స్ట్రెచర్ మడతలో నలిగిపోయింది. చొక్కా మాత్రం రోజూ ఇస్త్రీ చేసి ఉంటుంది.

పక్క సీట్లో యామిలెత్. నర్సు చదువు ముగించి ఈమధ్యే ఈ బండెక్కింది.

"అన్నా, ఇందాక గుండెనొప్పి ముసలాయన కోసం ఫోనొస్తే ఎందుకెళ్ళలేదు?"

"ఆయనది సర్కారు ఉచిత బీమా. ఏ ఆసుపత్రీ తొందరగా దించుకోదు. స్ట్రెచర్‌తో సహా మనమూ వరండాలో పడుంటాం."

"జీతంలో కోసుకునే బీమా అయితే?"

"వాళ్ళు చెప్పిన ఆసుపత్రికే పోవాలి. పోతే కూర్చోమంటారు. ఇక సొంతంగా నెలనెలా కట్టుకునే దొరలకి ఇంటికే డాక్టరొస్తాడు, మన మొహం ఎవడిక్కావాలి?" వేలితో కూడలి చూపించాడు. "బండి ప్రమాద బీమా ఉంది చూశావూ, అదీ బీమా అంటే! ప్రతి బండికీ కట్టి తీరాలి. దెబ్బ తగిలినవాడు ఎవడైనా సరే, పెద్ద క్లినిక్కులు కూడా ఎదురొచ్చి దించుకుంటాయి, తెచ్చిన మనకీ డబ్బులిస్తాయి. ఈ ఊళ్ళో పోతే బండి కింద పడే పోవాలమ్మాయ్."

"నీ నోట్లో మన్ను పడ! నా పండు తింటూ చావు మాటలేంటయ్యా?" కిటికీ కింద నుంచి అరిచింది పళ్ళమ్మే ఫాబియోలా.

"సగం ఉడికిన పండు పెడితే అవే వస్తాయి మరి."

"రేపట్నుంచి నువ్వే ఉడకెయ్యి!"

ఎవెలియో నవ్వాడు. అతని భార్యది ఉచిత బీమా. ఆసుపత్రి వరండాలో, ఇనప కుర్చీలో, ఒకటే కూర్చుని కూర్చుని అలాగే పోయింది. ఆ సంగతి మాత్రం అతను ఎవరితోనూ అనడు.

కీచుమని బ్రేకుల చప్పుడు. రొట్టెలు మోసే అమ్మాయి బండిని బస్సు ఈడ్చి కొట్టింది. రొట్టెలు రోడ్డంతా దొర్లాయి. ఆమె మోకాలి కింద ఎముక తెల్లగా బయటికొచ్చింది.

అవతలి వైపు నుంచి ఇంకో అంబులెన్సు అడ్డదారిలో దూసుకొచ్చింది. ఇదే కూడలిలో కాచుకునే ఫార్నెయ్ బండి. దాని వెనక తలుపు గడియ విరిగి చాలాకాలమైంది. స్క్రూడ్రైవర్‌తో తెరుస్తాడు. ఆ స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే దిగాడు.

ఎవెలియో అప్పటికే అమ్మాయి భుజాలు పట్టుకున్నాడు. ఫార్నెయ్ ఆమె నడుము పట్టి లాగాడు. ఆమె గొంతు చీరుకుపోయేలా అరిచింది.

"వదులు! నేను ముందొచ్చాను!"

"మొన్నటివాణ్ణీ నువ్వే ఎత్తుకుపోయావు, ముసలి గద్దా!"

ఎవెలియో తలతో కుమ్మాడు. ఫార్నెయ్ ముక్కు పగిలి నెత్తురు ఇద్దరి చొక్కాల మీదా చిమ్మింది. ఫార్నెయ్ చెయ్యి విసురుగా లేచింది. ఆ చేతిలో ఏముందో అతనికే గుర్తున్నట్టు లేదు. స్క్రూడ్రైవర్ ఎవెలియో ఎడమ చంకలో పిడిదాకా దిగింది. బయటికి లాగాక ఒక చుక్క నెత్తురు వచ్చి ఆగిపోయింది.

ఎవెలియో రొట్టెల మధ్య కూలబడ్డాడు. ఫార్నెయ్ మనుషులు అమ్మాయిని ఎక్కించుకుని సైరన్ మోగిస్తూ వెళ్ళిపోయారు.

"అన్నా! పొడిచాడు, వాడు నిన్ను పొడిచాడు!"

"అరవకు." ఎవెలియో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "పోట్లకి బండి బీమా రాదు. నాది ఉచిత బీమా. బండి గుద్దిందని చెప్పు."

"అబద్ధం చెబితే డాక్టర్లు దెబ్బ ఎక్కడని వెతుకుతారు?"

"ఆ వరండాకి మాత్రం పోను."

ఫాబియోలా అప్పటికే తన మోటారు సైకిల్ హెల్మెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నా బండి మీంచి పడ్డాడని చెప్పు. బీమా ఉంది." తెల్లటి హెల్మెట్‌ను ఆమే అతని తలకు తొడిగి, గడ్డం కింద బిగించింది. యామిలెత్ అంబులెన్సు నడిపింది.

క్లినిక్ నిజంగానే ఎదురొచ్చింది. జాగ్రత్తగా హెల్మెట్ తీశారు. మెడకు పట్టీ వేశారు. చేతులు రెండూ ఒంటికి ఆనించి, పలక మీద బెల్టులతో కట్టేశారు. ముందు తల స్కానింగ్ అన్నారు.

నడవలో ఫార్నెయ్ ముక్కులో దూది పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవెలియోను చూశాడు. యామిలెత్ చేతిలోని హెల్మెట్‌ను చూశాడు.

"బండి గుద్దిందా?" అన్నాడు మెల్లగా.

యామిలెత్ పళ్ళు బిగబట్టింది. "గుద్దింది."

అతను తల దించుకుని, ఆగి ఆగి నడుస్తూ వెళ్ళిపోయాడు.

"ఇంకెక్కడైనా తగిలిందా?" డాక్టరమ్మ యామిలెత్‌ను అడిగింది. ఎవెలియో పెదవులు నీలంగా ఉన్నాయి. గోరులేని వేలు యామిలెత్ చొక్కా అంచుని పట్టుకుంది.

"వరండా వద్దు," అన్నాడు. ఆ వేలు జారింది.

"చంక! ఎడమ చంక చూడండి! పొడిచారు!" అని అరిచింది యామిలెత్.

బెల్టు కోసి చెయ్యి ఎత్తారు. చిన్న చిల్లు. డాక్టరమ్మ పక్కటెముకల మధ్య గొట్టం దింపింది. లోపల దాగిన నెత్తురంతా నేల మీదికి ధారగా వచ్చింది. ఆ తర్వాత ఆమె మెడ దగ్గర నాడి చూసి, గొట్టం మీద నుంచి చెయ్యి తీసేసింది.

యామిలెత్ ఏం చేయాలో తెలియక బయటికొచ్చింది. చేతిలో ఉన్నదాన్ని వరండాలోని కుర్చీలో పెట్టింది. తెల్లటి హెల్మెట్ మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. దానిమీద ఒక్క గీత కూడా లేదు.