కదలని క్లాసు

డ్రాయింగ్ మాస్టారికి పిల్లలంటే ప్రాణం. వాళ్లు గీస్తూ గీస్తూ మధ్యలో లేస్తే మాత్రం ఒళ్లు మండేది. పెన్సిల్ పట్టాక బొమ్మ పూర్తయ్యేదాకా కదలకూడదు, అడగందే నోరు మెదపకూడదు. చెయ్యి కుదరాలంటే ముందు మనసు కుదరాలనేవారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పిల్లలు బొమ్మలో మునిగి ఉండగా వెనక నుంచి పామని కేకేసేవారు. ఇంకో రోజు మంటలు, పరుగెత్తండి అనేవారు. కదలని వాళ్ల భుజం తట్టేవారు. లేచిన వాళ్లను చూసి క్లాసంతా పడీ పడీ నవ్వేది. తలిదండ్రులకు కూడా ఈ పద్ధతి తెగ నచ్చింది. ఇంట్లో క్షణం కుదురుగా ఉండని పిల్లలు ఇక్కడ రాళ్లలా కూర్చుంటుంటే ఎవరికి చేదు?

ప్రతిసారీ లేచేది ఒక్కతే. అందరిలోకీ చిన్నది, ఉడత అని పిలిచేవారు. పోయిన వారం అందరూ నవ్వుతుంటే కళ్లనీళ్లు మింగుకుని, మళ్లీ లేస్తే ఒట్టు అనుకుంది.

ఆ రోజు క్లాసు గదినే గీయమన్నారు మాస్టారు. పాత కట్టడం. పైన కాగితాల వ్యాపారి గోడౌను. వారం రోజులుగా కట్టలు దబదబా పడుతూనే ఉన్నాయి. అడిగితే, ఈ దూలం మన మనవల కాలానికీ చెక్కుచెదరదని వ్యాపారి కొట్టిపారేశాడు. మాస్టారూ సరేనన్నారు. స్టూలు మీద రాలిన తెల్లటి పొడిని సుద్ద అనుకుని చేత్తో తుడిచేశారు.

తర్వాత అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి, పెన్సిల్ అడ్డంగా చాచి దూలాన్ని కొలిచారు. నడిమధ్య పెన్సిల్ కన్నా కిందికి దిగి ఉంది. చెయ్యి వణికిందేమోనని మళ్లీ కొలిచారు. ఇంకాస్త దిగింది.

"పిల్లలూ, అన్నీ వదిలేసి బయటికి నడవండి."

ఎవరూ కదల్లేదు. ఒకరిద్దరు కాగితంలోకే ముసిముసిగా నవ్వుకున్నారు. ఆయన గొంతు చించుకుని అరిచారు, బతిమాలారు, నిజమని ఒట్టు పెట్టారు. మాస్టారు ఈసారి మరీ బాగా నటిస్తున్నారనుకుని పిల్లలు ఇంకా బిగుసుకుని కూర్చున్నారు. పైన మరో కట్ట పడింది. దూలం కిర్రుమంది.

లేచే పిల్ల ఒక్కతైనా లేస్తుందన్న ఆశతో ఉడత దగ్గరికి పరుగెత్తారు.

"ఈసారి నేను లేవను సార్," అంది ఉడత, ఎంతో గర్వంగా.

పిల్లల కాగితం మీద ఆయన ఏనాడూ చెయ్యి వేసి ఎరగరు. ఇప్పుడు ఆమె కాగితం లాగి పరపరా చింపేశారు. ఉడత ఘొల్లుమంది. అప్పుడు లేచారు అందరూ, బెదిరిపోయి. ఆమెను చంకనేసుకుని, మిగతా వాళ్లను గొర్రెల్లా తోలుకుంటూ ఆయన వీధిలో పడ్డారు. వెనక గది కూలిన చప్పుడుకు వీధంతా దుమ్ము కమ్మింది.

మాస్టారు తలలు లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. ఉడత చేతిలో చిరిగిన ముక్క ఇంకా ఉంది. అందులో దూలం నడిమధ్య కిందికి వంగి ఉంది, ఉన్నది ఉన్నట్టుగా.

"ఇది ముందే చూశావా అమ్మా? మరి చెప్పలేదేం?"

ఉడత ముక్కు తుడుచుకుంది.

"గీసేటప్పుడు మాట్లాడకూడదన్నారుగా సార్."