పురుగులింటి ముందు జీపు

నా రేష్మ పంటను, అంటే పట్టుపురుగుల పంటను, పోగొట్టింది నా అల్లుడు నందీశ్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అతను మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే మాట. పంట పోయింది. పోగొట్టింది అతను.

మాది కోలారు పక్క పల్లె. రాగి, మామిడి, రెండావులు, గుట్టకు అవతల కొంచెం మల్బరీ తోట. పురుగులు పెంచడం నా భార్య చిన్నవెంకటమ్మ పని. ఆకు కోసి తెచ్చివ్వడం నా పని. ఆమె పోయిన ఉగాదికి ముందు చనిపోయింది. నెల తిరగకముందే ఆమె తమ్ముడు ఆదినారాయణప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, తోట నాకు గుత్తకియ్యి. మగోని చేతిలో పురుగు నిలవదు. నువ్వు సుమ్నే ఊరికే రాగిముద్ద తిని పండుకో."

"ముద్ద ఎవురు కెలుకుతారు? నువ్వొచ్చి కెలుకుతావా?"

"నవ్వులాటకి కాదు బావా."

"నేనూ నవ్వులాటకి చెప్పలేదు. ఒక పంట పెడతా. పురుగు గూడు కడితే తోట నాది. కట్టకుంటే నీది."

నలుగురు విన్నారు. మాట అయిపోయింది.

పంట పెట్టాను. ఆమె ఎట్లా చేసేదో చూసినవాణ్ణే కాబట్టి అట్లాగే చేశాను. పురుగులింట్లోకి పోయేముందు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కాళ్ళు కడగాలి. బీడీ తాగినవాడు ఆ గడప తొక్కకూడదు. ఊదుబత్తి కూడా వద్దు. చిన్నవెంకటమ్మ చారుకు పోపు పెట్టేటప్పుడు ఆ వైపు కిటికీ మూసి పెట్టేది. దగ్గు వచ్చి కళ్ళలో నీళ్ళు కారుతున్నా కిటికీ తెరిచేది కాదు. పురుగుకు పొగ పడదు. మా ఊళ్ళో పాలు తాగే బిడ్డకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. ఆకు తెచ్చే జీపును కూడా వీధి మలుపులో నిలిపి, అక్కడినుంచి ఆకు మోసుకొస్తాము.

జీపు పాతది. క్వారీ కాంట్రాక్టరు దగ్గర కొన్నది. నాలుగు చక్రాలూ లాగుతాయి. తోటకు పోవాలంటే గుట్ట మీద రాతి బండే దారి, వేరే బండి ఏదీ ఎక్కదు. చుట్టూ తిరిగి పోతే ఆకు ఎండకు వాడిపోతుంది. ఈ జీపులో ఇంజన్‌కు ఎంత డీజిల్ పోవాలో ఒక చిన్న కంప్యూటర్ చెబుతుంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు ఆకు బరువుతో బండ ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కి మీటర్ల పక్కన ఎర్రదీపం వెలిగేది, ఆ డబ్బా డీజిల్ తగ్గించేసేది. జీపు సగం బండ మీద ముసలి ఎద్దులాగా నిలబడిపోయేది. నిలబడ్డంతసేపూ వెనక ఆకు కాగుతుండేది.

నందీశ్ మాలూరులో ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆదివారాలు స్నేహితులతో కలిసి బండల మీదికి జీపులు ఎక్కించడం అతని సరదా. పనేమీ లేకుండా ఎక్కి దిగడాన్ని వాళ్ళు ఆట అంటారు. నా జీపు నిలబడిపోవడం చూసి అతనికి ఉత్సాహం వచ్చింది.

"మామా, ఇంజన్‌కి ఏమీ కాలేదు. దాని తలకాయే పాతది. కంప్యూటర్‌లో లెక్క మార్పిస్తే ఏనుగు మాదిరి ఎక్కుతాది."

"ఏనుగు నాకేలప్పా? ఎద్దు మాదిరి ఎక్కితే సాలు."

"బంగారు గనుల కాడ చాంపియన్ రీఫ్స్‌లో అంతోణి అని ఉండాడు. మా జీపులన్నీ ఆయనే చేసినాడు. రెండు దినాల పని."

అప్పుడు పురుగులు నాలుగో జ్వరంలో పడుకుని ఉన్నాయి. జ్వరమంటే జబ్బు కాదు. తిండి మాని, తల పైకెత్తి పడుకుని, పాత తోలు వదులుతాయి. అప్పుడు ఆకు అక్కర్లేదు. లేచాయంటే మాత్రం ఆకలి, తోట మొత్తం తిన్నా చాలదు.

"లేచేలోపల తెచ్చిచ్చేస్తా మామా" అన్నాడు నందీశ్. తీసుకుపోయాడు.

పురుగులు లేచాయి. జీపు రాలేదు.

ఫోన్ చేస్తే "రేపు మామా" అన్నాడు. మర్నాడు చేస్తే మళ్ళీ "రేపు". ఊళ్ళో కూలికి వచ్చే ఆవులప్ప ఎద్దులబండి మాట్లాడుకుని చుట్టుదారిలో ఆకు తోలించాను. సగం ఆకు వాడిపోయి వచ్చేది. ఏరి, తడిగుడ్డ కప్పి, బాగున్నదే వేశాను. ఆ పనిలో నడుము పట్టేసింది. ఫోన్‌లో "రేపు" అన్న మాట మళ్ళీ విన్నప్పుడు అతనితో చెప్పాను: "పురుక్కి రేపు లేదప్పా. అది ఈ పొద్దు తింటాది."

ఆకు వేసి, ఆవులప్పను కాపలా పెట్టి, బస్సెక్కి చాంపియన్ రీఫ్స్ పోయాను.

గని మూతపడ్డాక ఆ గని పనివాళ్ళ లైన్ల ఇళ్ళలో సగంమంది తెల్లవారి రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. అంతోణి ఇంటి ముందు రేకులు దించి షెడ్డు పెట్టుకున్నాడు. నా జీపు మూత తెరుచుకుని సందులో నిలబడి ఉంది, పక్కన నందీశ్. దాని కంప్యూటర్ బల్ల మీద ఉంది. బంక కరిగించి డబ్బా మూత ఊడదీశారు. లోపలినుంచి సన్న వైర్లు ల్యాప్‌టాప్‌కు పోతున్నాయి. ఆపరేషన్ మధ్యలో డాక్టరు టీకి పోయినట్టుంది.

"వాంగ అయ్యా, ఉక్కారుంగ" అని తమిళంలో పిలిచి, కూర్చోమని అంతోణి స్టూలు తోశాడు. నేను కూర్చోలేదు.

"ఇన్ని దినాలు ఏమి చేస్తాండారు?"

"ఇది లాకు వేసిన పెట్టె అయ్యా. లోపల ఉండేది చదవనీదు. మీద కొత్తది రాయనిస్తాది. ఆ కొత్త మ్యాప్, అదే డీజిల్ లెక్క, మీ జీపుకి సరిపోయేది దొరకలే. ఈ పొద్దే దొరికింది."

"చదవకుండా మీద రాస్తే పాతది ఏమయితాది?"

"పోతాది. పాతది ఎందుకయ్యా?"

"నీ కొత్తది సరిపోకుంటే?"

అంతోణి నందీశ్ వైపు చూసి నవ్వాడు. "పెద్దాయనకి భయం పట్టుకునిందప్పా."

"భయం కాదు. పాతదాన్ని తీసి పక్కన పెట్టుకోలేకుంటే కొత్తది రాయొద్దు. ఎట్లుండిందో అట్ల బిగించియ్యి. నిలబడి నిలబడి ఎక్కినా అది నా జీపు."

"మామా, ఇంత తెరిచినాక ఎట్ల?" అన్నాడు నందీశ్. "ఇంగొక్క గంట."

"మీ ఫ్యాక్టరీలో గంటంటే ఎన్ని దినాలప్పా?"

అంతోణి పగలబడి నవ్వాడు. నందీశ్ తల దించుకున్నాడు కానీ వైర్లు పీకమని చెప్పలేదు. నాకు ఆకు వేసే వేళ దగ్గరపడింది. బస్సు తప్పితే పురుగులు పస్తుంటాయి. "బిగించి తెచ్చియ్యి" అని మళ్ళీ చెప్పి వచ్చేశాను.

బిగించలేదు. రాశారు.

మర్నాడు ఎండ ఎక్కేలోపల నేనూ ఆవులప్పా తోటలో ఆకు కోస్తున్నాము. గుట్ట మీదినుంచి జీపు దిగింది. శబ్దం వేరేగా ఉంది. నందీశ్ దిగి, చొక్కా చేతులు మడిచి, మేము కోసిన ఆకంతా తానే ఎత్తి వెనక వేసుకున్నాడు.

"ఎక్కు మామా, చూద్దువు."

"నువ్వు పో. మిగిలింది కట్టుకుని వెనకనే వస్తా."

బండ ఎక్కింది. ఆ మాట దాచను. ఎక్కడా నిలబడలేదు, ఎర్రదీపం వెలిగిందో లేదో కానీ వేగం తగ్గలేదు. వెనక నల్లగా పొగ మాత్రం కక్కింది. బండ మీద, గాలిలో, ఎంతసేపటికీ కరగని పొగ. ఆవులప్ప కొడవలి పట్టుకుని చూస్తూ, "పాత రైలు మాదిరి ఉండాదే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వీధి మలుపులో నిలుపుతాడులే అనుకున్నాను. ఊళ్ళో ఏ అల్లుడైనా అక్కడే నిలుపుతాడు.

నందీశ్ పెరిగింది మాలూరు దగ్గర ఇటుక బట్టీల నడుమ. వాళ్ళకు పొగ రాకపోతే ఆ రోజు కూలి లేదు. పొగను చూసి భయపడాలని వాళ్ళింట్లో ఎవరూ నేర్పి ఉండరు.

గుట్ట దిగి ఊళ్ళోకి వచ్చేసరికి వీధి మలుపులో జీపు లేదు. పురుగులింటి ముందు ఉంది. నేను మొయ్యకూడదని వెనక్కి తోలి, జీపు తోకను సరిగ్గా గుమ్మానికి ఆనించినట్టు నిలిపాడు. ఉక్కగా ఉంటుందని నేను తలుపూ కిటికీలూ తెరిచి, తెర ఒక్కటి దించి పోయాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది. పక్కింటి హనుమప్ప జీపు మూత మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా అల్లుడా, పులి మాదిరి ఉండాదే దీని గొంతు. ఇంగొక తూరి తొక్కు."

నందీశ్ తొక్కాడు. పొగ నేరుగా తెరలోకి పోయింది.

"ఆర్పు" అన్నాను.

"ఇప్పుడే ఆర్పకూడదు మామా. గుట్ట ఎక్కొచ్చినాక కొంచెంసేపు ఊరికే తిరగనియ్యాలంట. లేకుంటే ఇంజన్‌కి గాలి ఊదే టర్బో కాలిపోతాదంట. అంతోణి గట్టిగా చెప్పినాడు."

చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేశాను.

"అయ్యో మామా! టర్బో..."

"దానికి ఊపిరి కావాల. పురుగులకి వద్దా?"

హనుమప్ప చెయ్యి వెనక్కి తీసుకుని మెల్లగా తన ఇంట్లోకి పోయాడు. అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఊరివాడై ఉండి అతనికి పొగ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

లోపల డీజిల్ వాసన గోడలకు పట్టి ఉంది. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు తింటుంటే తాటాకు మీద సన్న చినుకు పడినట్టు శబ్దం వస్తుంది. నేను పొద్దున పోయేటప్పుడు విని పోయాను. ఇప్పుడు ఏమీ లేదు. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి. కొన్నింటి నోటినుంచి పచ్చటి నీరు కారుతోంది. జీపులో ఉన్న ఆకును చేత్తో రుద్ది చూశాను. నల్లగా అంటింది. మొత్తం దిబ్బలో వేశాను.

నందీశ్ ఫ్యాన్ తెచ్చి పెట్టాడు. దిబ్బలోని ఆకు ఏరి తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడవబోయాడు. "తెలీదు మామా, నిజంగా తెలీదు" అన్నాడు. అది నిజమే. దానివల్ల నేరం తగ్గదు. తెలియనివాడు అడగాలి. అడగడానికి నోరుంది, ఫోనుంది, మామ ఉన్నాడు.

"ఇప్పుడే పోయి పాతది పెట్టిస్తా మామా."

"పాతది యాడుండాది?"

అతను అప్పటికప్పుడు అంతోణికి ఫోన్ చేశాడు. నాకూ వినబడేటట్టు పెట్టాడు.

"పాతది యాడుంటాది అన్నా, చెప్పినా గదా" అంది అంతోణి గొంతు. "పొగ వస్తాదా? వస్తాది. డీజిల్ తిండి పెంచినాము, గాలి సాలదు. పెద్ద టర్బో వేసుకుంటే పొగ పోతాది. ఎప్పుడు తెస్తారు?"

ఫోన్ లాక్కుని కట్ చేశాను.

తర్వాత నేను చేయగలిగినదంతా చేశాను. సున్నం చల్లాను. పురుగులను వేరే తట్టల్లోకి మార్చాను. కొత్త ఆకు చుట్టుదారిలో తెప్పించి లేతది ఏరి వేశాను. సగం పురుగులు ముట్టలేదు. అవి మెత్తబడి, నల్లబడి చచ్చాయి, రోజూ ఏరి పారేసే పనే అయింది. తిన్నవి ఏవో కొన్ని చంద్రికలనే వెదురు చట్రాలు ఎక్కి గూడు కట్టాయి. వెదురు చంద్రికల మీద గూళ్ళు నిండుగా ఉంటే గోడ తెల్లగా కనబడుతుంది. మాకు వెదురే కనబడింది. కోలారు గూళ్ళ మార్కెట్‌కు పట్టుకుపోతే, కొనేవాడు ఒక గూడును వేళ్ళ మధ్య నొక్కాడు. అది లోపలికి దిగబడిపోయింది. నా మొహం చూడకుండా బుట్టను పక్కకు తోశాడు.

ఆదినారాయణప్ప వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు.

"బావా, ఇది లెక్కకి రాదు. ఇది నీ చేతి పంట పోయింది కాదు. ఇంగొకటి పెట్టు. చిన్న సాకి పురుగులు నేనే తెచ్చిస్తా."

"అమ్ముడుపోయే గూడు కట్టిందా, లేదా?"

"కట్టలేదు. అయితే..."

"అయితే లేదు. తోట నీది. చంద్రికలు, తట్టలు లోపల ఉండాయి, ఎత్తుకో."

"అక్క ఉండింటే నిన్ను తిట్టుండును బావా."

"ఆమె ఉండింటే పంట ఉండును."

అతను లేచి, తట్టలు ముట్టుకోకుండా పోయాడు. మర్నాడు నేనే ఆవులప్ప బండిలో వేసి అతని ఇంటికి పంపించాను. తోట తాళం కూడా. ఇప్పుడు నేను గుట్ట అవతలికి పోవడం లేదు.

పోయిన వారం కూతురు చైత్ర వచ్చింది. నందీశ్ లేకుండా ఒక్కతే వచ్చింది.

"నాయనా, ఆయప్ప సరిగా అన్నం తినడంలే. నిద్రపోడు. నువ్వు ఫోనెత్తవు. ఒక్క మాట మాట్లాడు."

"ఆకు తినని పురుగుల్ని చూసినాను. అన్నం తినని అల్లుణ్ణి చూడలేనా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "తిట్టనన్నా తిట్టు. తిట్టి వదిలెయ్యి."

"తిట్టినా మాట్లాడినట్టేనమ్మా."

"ఆయప్ప నీకు మంచి చేయబోయినాడు నాయనా. నువ్వు మొయ్యకూడదని ఇంటిదంకా తోలినాడు."

"తెలుసు."

"తెలిసీ ఇట్లయితే ఎట్ల?"

జీపు తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తోటే లేనప్పుడు గుట్ట ఎక్కే బండి నాకెందుకు? ఆదివారాలు నందీశ్‌ను బండలెక్కుకోమని చెప్పాను. ఆమె తాళంచెవిని అరుగు మీద పెట్టి బస్సెక్కింది. అది ఇంకా అక్కడే ఉంది. నేను తియ్యలేదు.

ఊళ్ళో కనబడినవాడల్లా అడుగుతున్నాడు, ఏమయింది, ఎట్లయింది అని. జరిగింది ఇది. ఒకసారి చెప్పాను, రాసి కూడా పెట్టాను. ఇంకెవరు అడిగినా, చైత్ర అడిగినా, నందీశే వచ్చి గుమ్మంలో నిలబడినా, దీని గురించి నేను నోరు తెరవను.