బిరడా తీయని సీసా

సీసా బల్ల మీద పెట్టి చాలాసేపయింది. మాలకీ దాని వైపు చూడనైనా లేదు.

కోల్మన్ టాల్టీ కుర్చీ అంచున కూర్చున్నాడు. చర్చికి వేసుకునే కోటు భుజాల దగ్గర బిగుసుకుపోయింది. ఎంత అదిమిపెట్టినా కుడి మోకాలు దాని మానాన అది ఊగుతూనే ఉంది. అతడు ఎందుకొచ్చాడో ఆ వంటింట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. పెళ్ళికాని మగవాడు ఫిబ్రవరిలో, ఆదివారం పూట, మైనం ముద్ర చెదరని విస్కీ సీసా చంకనపెట్టుకుని ఆడపిల్ల ఉన్న ఇంటికొస్తే అది దూడ బేరానికి కాదు. ఇంటివాళ్ళు ఆ సీసా బిరడా తీసి అందరికీ పోస్తే సంబంధం కుదిరినట్టు. పోయేటప్పుడు బిరడా తీయని సీసా చేతికిచ్చి పంపితే కాదన్నట్టు. నోటితో ఎవరూ ఏమీ అనరు.

త్వరలో లెంట్ ఉపవాసాలు మొదలవుతాయి. ఈస్టర్ దాకా ఏ ఫాదరూ పెళ్ళి చేయడు. ఈస్టర్ వచ్చేసరికి మాలకీ చెల్లెలు నోనీ ఇంగ్లండు ఆస్పత్రిలో పనికి వెళ్ళిపోతుందని ఊరంతా చెప్పుకుంటున్నారు. గిన్నెల అలమర పక్కన కొత్త ట్రంకు పెట్టె ఉంది. కోల్మన్ దాన్ని లోపలికి రాగానే చూశాడు. తర్వాత చూడకుండా ఉండడానికి ప్రయత్నించాడు.

టీ అయింది. సోడా రొట్టె, పంది మాంసం అయ్యాయి. వాన గురించీ, గొర్రెల కాళ్ళ తెగులు గురించీ మాట్లాడారు. అప్పుడు మాలకీ లేచి అలమర తెరిచి తన సీసా బయటికి తీశాడు.

కోల్మన్ తెచ్చినది బల్ల మీద అలాగే ఉంది.

"నాకు ఉత్తరాది విస్కీయే పడుతుందయ్యా," అన్నాడు మాలకీ గ్లాసుల్లో పోస్తూ. "గొంతులో వెన్నలా జారిపోతుంది. నువ్వు తెచ్చిన డబ్లిన్ సరుకు తాగితే గుర్రపు జీను నమిలినట్టుంటుంది."

నవ్వి ఊరుకుంటే పోయేది. విస్కీ మాటొస్తే కోల్మన్‌కి నోరు ఊరుకోదు. "జీను కాదది, బార్లీ. మొలకెత్తిందీ, మొలకెత్తనిదీ కలిపి రాగి బానలో కాస్తారు. నువ్వు తాగేది పసిపిల్లల దగ్గు మందు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మాలకీ కనుబొమ్మలు పైకి లేపాడు. చేతికి ఏదో ఒక పని కల్పించాలని కోల్మన్ కోటు జేబులోంచి చిన్న గాజుబుడ్డి తీసి, మూత విప్పి, గ్లాసులో రెండు చుక్కలు వేసుకున్నాడు.

"ఏమిటది? లూర్డు మాత దగ్గర్నుంచి తెచ్చిన పవిత్ర జలమా?"

"మా బావి నీళ్ళు. విస్కీలోకి అవే వేసుకుంటాను."

"అంటే మా బావిలో కప్పలు చచ్చాయనా?"

పొయ్యి దగ్గర నోనీ చీదింది. అది నవ్వో జలుబో తెలియలేదు. పొద్దుటినుంచీ ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

కోల్మన్ ఉత్తరాది విస్కీ గుక్కెడు మింగాడు. రుచి తెలియలేదు. ఒకటే ఆలోచన. ఇతనికి పడనిది నా సీసానా, నేనా? మొహం చూస్తే తెలుస్తుందా అని మాలకీ వైపు చూశాడు. మాలకీ కిటికీలోంచి ఆవుల కొట్టం వైపు చూస్తున్నాడు.

"పాలు పితికే వేళయింది," అని లేచాడు మాలకీ. బల్ల మీది కోల్మన్ సీసా మెడ పట్టుకుని ఎత్తి, దానిమీద లేని దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "మంచి సీసానే కోల్మన్. మీ ఇంట్లో ఇంకెవరికైనా పనికొస్తుంది, తీసుకుని..."

కోల్మన్ కూడా లేచాడు. చెయ్యి చాపాలో వద్దో తెలియలేదు.

"అన్నయ్యా, అది ఇలా తే," అంది నోనీ. "నా గొంతు పూడుకుపోయింది."

మాలకీ ఇచ్చేలోపే ఆమె లాక్కుంది. కత్తిమొనతో మైనం పగలగొట్టింది. బిరడా ఊడిన చప్పుడు కోల్మన్‌కి గంట కొట్టినట్టు వినిపించింది. గ్లాసులో లవంగాలు వేసింది, విస్కీ పోసింది, కెటిల్‌లోంచి మరిగే నీళ్ళు వంచింది. ఒక చెంచా పంచదార వేసింది. ఇంకొకటి. మూడోది ముంచేసరికి కోల్మన్ ఆగలేకపోయాడు.

"అయ్యో, చాలు! ఆ విస్కీలో పంచదారేమిటి!"

నోనీ చెంచా గాల్లోనే ఉంచి అతని వైపు తిరిగింది.

"జలుబెవరికి?"

"నీకు."

"గ్లాసెవరిది?"

"నీదే."

"నీ ఇంటికొచ్చాక కూడా నాదేనా? లేక పక్కన నిలబడి చెంచాలు లెక్కపెడతావా?"

కోల్మన్ అబద్ధమాడదామనుకున్నాడు. రాలేదు. "చూడలేను నోనీ. అది నిజం. నువ్వు పంచదార తీసినప్పుడల్లా పెరట్లోకి పోతాను."

ఆమె మూడో చెంచా వేసి కలిపింది.

"మందుకి తీసిన బిరడా లెక్కలోకి రాదు," అన్నాడు మాలకీ.

"అయితే నువ్వూ తాగు. అప్పుడొస్తుంది." అతని గ్లాసులో కాస్త పోసి ముందుకు తోసింది.

మాలకీ గ్లాసు వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు, ట్రంకు పెట్టె వంక చూశాడు. చాలాసేపు. చివరికి మాలకీ కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు. మొహమంతా ముడుచుకుపోయింది.

"జీనే," అన్నాడు. "పాత జీను." పాల బిందె తీసుకుని కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

నోనీ బల్ల మీదున్న గాజుబుడ్డి అందుకుంది. మిగిలిన బావి నీళ్ళు అరచేతిలో పోసుకుని చప్పరించింది. ముక్కు పట్టేసినా రుచి తెలిసినట్టుంది.

"ఇనుము రుచి," అంది. "రోజూ ఇవేనా తాగాలి?"

"అలవాటైపోతుంది," అన్నాడు కోల్మన్ గబగబా. "వేసవిలో అంత ఉండదు. ఏమైనా చేయిద్దాం. ఇంకో చోట తవ్విద్దాం."

ఆమె పంచదార డబ్బా మూత పెట్టి, వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, అందులో మడిచిపెట్టిన బట్టల పైన దాన్ని పెట్టింది.

"ఇది నాతో నీ ఇంటికి వస్తుంది," అంది.

కోల్మన్ అప్పుడు కూర్చున్నాడు. మోకాలు మాత్రం ఊగుతూనే ఉంది.