కట్లగది లెక్క

పెళ్ళయి ఇరవై రోజులు. మా అత్తగారు పాపాయమ్మగారు నాతో మాట్లాడటం మానేసి తొమ్మిది రోజులు. ఏం చెప్పాలన్నా మా ఆయనతోనే.

“ఒరేయ్ శాంతీ, లెక్కలావిడకి చారు పొయ్యి.”

ఆయన పోస్తూ బల్లకింద నా కాలు తొక్కేవారు. ఆ చారు ఎంత బాగుండేదో!

తప్పు నాదే. రాజమండ్రిలో అత్తగారూ నేనూ పనిచేసేది ఒకే ఆసుపత్రిలో. నేను రికార్డుల్లో, ఆవిడ ఇరవై రెండేళ్ళుగా షుగర్ పుళ్ళకి కట్లు కట్టే గదిలో. పుండులో చీము లాగే కొత్త మెషీన్ మేలా, కట్టు మేలా అని డాక్టర్ ఉదయభాస్కర్ గారు అడిగితే, అది వచ్చిన ఈ రెండేళ్ళ కేసులు తీసి పట్టిక వేశాను. మెషీన్ పెట్టినవాళ్ళలో నూటికి ఏడుగురికి కాలివేళ్ళు తీసేశారు. కట్టు కట్టినవాళ్ళలో ఇరవైమందికి.

“ఒకటో తారీఖు నుంచి ఆ గది మూసేద్దాం,” అన్నారాయన.

ఆవిడ మాట మానేసిన పదో రోజు నేనే కట్లగదికి వెళ్ళాను.

“బుల్లియ్యా, కాలు దాచుకో. లెక్కలావిడొచ్చింది,” అన్నారు అత్తగారు, బల్లమీద కూర్చున్న కూలీతో.

“ఎన్నాళ్ళైందండీ ఈ పుండు?” అడిగాను.

“నెల దాటిందమ్మా. నాట్లు అయ్యేదాకా రావడానికి కుదిరితేనా?”

“మెషీన్ పెట్టలేదా?”

అత్తగారు గోడకి చెప్పారు. “ముదిరిన పుండుకి ఎప్పుడో గాని పెట్టరు. అవన్నీ ఈ గదికే తోస్తారు.”

నాకు ముఖం చెల్లలేదు. వెనక్కెళ్ళి, పుండు పడ్డ ఎన్నాళ్ళకి వచ్చారో చూసి కేసుల్ని విడదీశాను. రెండు వారాల్లోపు వచ్చినవాళ్ళలో ఏ వైద్యమైనా వేళ్ళు తీసింది నూటికి ఆరుగురికే. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో మెషీన్‌కి ముప్పై, కట్టుకి ఇరవై ఆరు. ముదిరాక మెషీన్ పెట్టినవాళ్ళు కొద్దిమందే కాబట్టి కట్టే గొప్పదని అనలేం. మెషీన్ గెలిచిందని మాత్రం అసలు అనలేం.

“అత్తగారి అన్నం తిని లెక్క తిప్పావా?” అన్నారు డాక్టరుగారు.

“మొదటి లెక్కే తప్పండి. ముదిరినవాళ్ళని ముదరనివాళ్ళతో పోల్చాను.”

“దానిమీద సంతకం నీదేగా?”

“దీనిమీదా నాదేనండి. పేర్లు తీసేసిన కేసులివిగో. ఎవరిచేతైనా వేయించండి.”

కాగితాలు నా ముందుకి విసిరారు. ఆ తర్వాత బయటివాళ్ళ చేత వేయించారు. అదే వచ్చింది. గది మూయడం ఆగింది. నన్ను మాత్రం ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గరికి మార్చారు.

అలా మార్చిన రోజు సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు గరిటె ఎత్తారు.

“మనిషిని చూడకుండా కాగితం చూసి లెక్క వేస్తారా, దీవెనా? ఆ మాత్రం బుర్ర లేదూ?”

నన్నే! పేరు పెట్టి మరీ!

మా ఆయన నవ్వు బిగబట్టుకుని చారు గిన్నె వాళ్ళమ్మ వైపు జరిపారు. నేను కంచం ముందుకి పెట్టాను.