గొట్టాల మీద జిడ్డు

అనుమానానికి నూర్జాన్ పెట్టింది పేరు. పాలవాడు పోసిన పాలనైనా గోటి మీద ఒక చుక్క వేసుకుని, నిలుస్తుందో జారుతుందో చూశాకే గిన్నె లోపలికి తీసుకుపోతుంది. కోట మండలంలో, సముద్రపుటొడ్డునున్న ఆ పాళెంలో మంచినీళ్ళ మిషను పెట్టినప్పుడు దాని కాపలా ఆమెకే అప్పగించారు. సరైన చేతుల్లోనే పడిందని ఊరంతా సంబరపడింది.

రొయ్యల గుంటలు వచ్చినప్పటి నుంచి అక్కడ ఏ బోరు వేసినా ఉప్పునీళ్ళే. గంగాధరం ఆటోలో తెచ్చే క్యాన్లే దిక్కు. ఈ మిషనులో ఎండకు కాగిన ఉప్పునీళ్ళు తెల్లటి పింగాణీ గొట్టాల్లో పారతాయి. గొట్టాల గోడల నిండా కంటికి కనిపించని బెజ్జాలు. వాటిల్లోంచి నీళ్ళు దూరలేవు, ఆవిరి మాత్రం దూరి అవతల చల్లబడి మంచినీళ్ళవుతుంది. ఉప్పు ఇవతలే ఉండిపోతుంది. ఇంజనీరు ప్రత్యూష ఇదంతా మొదటిరోజే చెప్పింది గానీ, నూర్జాన్ బుర్రకెక్కినవి రెండే మాటలు. వారానికోసారి గొట్టాలు బయటికి తీసి ఉత్త మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. మూడు నెలలు నీళ్ళు బాగా వస్తే మిషను ఈ ఊరిదే, చెడితే ఇంకో ఊరికి పోతుంది.

మొదటి ఆదివారం గొట్టం మీద చెంబెడు నీళ్ళు పోసేసరికి నూర్జాన్ గుండె ఝల్లుమంది. నీళ్ళు పూసల్లా ఉండలు కట్టి జారిపోతున్నాయి! ఆమె అత్తవారిది మూడు తరాలుగా గిన్నెలకు కళాయి పూసిన ఇల్లు. గిన్నె శుభ్రపడిందీ లేనిదీ తేల్చడానికి ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. నీళ్ళు పోస్తే పలచగా పరుచుకోవాలి. ఉండ కట్టిందంటే జిడ్డున్నట్టే, జిడ్డు మీద కళాయి పట్టదు. మరి మంచినీళ్ళ గొట్టాలకు జిడ్డెక్కడిది?

ఎవరో నూనె పూశారు. ఎవరో ఏమిటి, గంగాధరమే. మిషను వచ్చి నోటికాడి కూడు లాగేసింది అతనిదే కదా! పైగా ముందురోజే షెడ్డు దగ్గర నిలబడి, "ఎట్టా పనిచేస్తాదక్కా ఇది?" అని ఆరా తీశాడు. ఆ అడగడంలోనే ఏదో ఉందని నూర్జాన్‌కు ఇప్పుడు అనిపించింది.

అతను చేతికి చిక్కేదాకా నోరు విప్పకూడదనుకుంది. కుంకుడుకాయలు నానేసి, నురగ తీసి గొట్టాలన్నీ కడిగింది. వచ్చే ఆదివారం చూస్తే మళ్ళీ ఉండలే. "మళ్ళీ పూసిపొయినాడు, వాడి చేతులు పడిపోను!" అని తిట్టుకుని, ఈసారి కుంకుడు రసం వేడిచేసి కొబ్బరిపీచుతో రుద్దింది. షెడ్డుకు రెండో తాళం వేసింది. మూడో ఆదివారం నీళ్ళు పలచగా, ముచ్చటగా పరుచుకున్నాయి. ఎందుకైనా మంచిదని ఇంకోసారి రుద్దింది.

మంగళవారం కుళాయిలో ఉప్పునీళ్ళు వచ్చాయి.

ఊరంతా షెడ్డు ముందు పోగైంది. ప్రత్యూషకు ఫోను పోయింది. అప్పుడే ఆటో దిగుతున్న గంగాధరం మీదికి దూసుకుపోయింది నూర్జాన్. "నువ్వే చేసినావు! గొట్టాలకు నూనె పూసి చెడగొట్టినావు. పసిబిడ్డలు తాగే నీళ్ళయ్యా అయ్యి!"

"నా బిడ్డల మీద ఒట్టక్కా, నేను షెడ్డులో అడుగే పెట్టలా," అన్నాడు గంగాధరం.

ఊరి పెద్ద మాల్యాద్రి వినిపించుకోలేదు. "నూర్జాన్ ఉత్తినే అనదు. రేపటి నించి నీ ఆటో పాళెంలోకి రాకూడదబయా!"

అంతలో ప్రత్యూష వచ్చింది. మిషను విప్పి, ఒక గొట్టం తుడిచి, దాని మీద నీటి చుక్క వేసింది. చుక్క లోపలికి ఇంకిపోయింది. సంచిలోంచి కొత్త గొట్టం తీసి దాని మీదా వేసింది. ఆ చుక్క ఉండ కట్టి జారి కింద పడింది.

"ఇట్లా జారాలి. నీళ్ళు అంటకుండా పూత వేసి చేసిన గొట్టాలివి. నీళ్ళు బెజ్జాల్లోకి దిగితే ఉప్పూ దిగుతుంది. వీటిని సబ్బుతోనో, కుంకుడుకాయతోనో గట్టిగా రుద్దేసినారు. ఎవరు?"

నూర్జాన్ వైపు ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ గంగాధరం మీదే ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు, ఊరు నమ్మేస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనే మేడమ్. జిడ్డనుకోని పీచుపెట్టి రుద్దినా. గంగాధరానికేం తెలీదు."

మాల్యాద్రి కండువా సర్దుకుని ఎటో చూశాడు. గొట్టాలకు మళ్ళీ పూత వేయించడానికి నెల పడుతుందని, మిషను పోకుండా తాను మాట్లాడతానని ప్రత్యూష చెప్పింది. అందాకా క్యాన్లే గతి.

"తప్పయిపొయింది గంగాధరం," అంది నూర్జాన్. అతను ఆమె ఇంటి ముందు క్యాన్ దించి, మూత తీసి, గ్లాసుడు నీళ్ళు వంచుకుని ఆమె ఎదుటే గటగటా తాగాడు. పక్కింటి ముందూ అంతే. ఆ పక్కింటి ముందూ అంతే. ఆరో ఇంటి దగ్గర పొలమారి, కళ్ళల్లో నీళ్ళు తిరిగినా మళ్ళీ గ్లాసు నింపుకున్నాడు.

నూర్జాన్ పరుగున పోయి అతని చెయ్యి పట్టుకుంది. "చాలయ్యా! నేను నమ్మినా గదా!"

"నువ్వు నమ్మినావు," అన్నాడు గంగాధరం, మెల్లగా చెయ్యి విడిపించుకుంటూ. "నీళ్ళు చెడగొట్టినానని నువ్వన్న మాట అందరూ విన్నారక్కా. అందరి ముందరా తాగాల."