ఓడలరేవులో రెండు కుంపిణీలు

కనకరాజుకి ఉన్నది ఒకే ఓడ. అయినా తన వ్యాపారాన్ని ‘మా కుంపిణీ’ అనేవాడు. దేశాన్నేలే దొరలదీ కుంపిణీయే, తనదీ కుంపిణీయే. వాళ్ళది కాస్త పెద్దది, అంతే.

ఆ ఏడు అతని ఓడ బర్మాలోని మౌల్మీను నుంచి ఓడలరేవుకి వచ్చింది. అక్కడ కలప కొయ్యడానికి వెళ్ళిన మనవాళ్ళు కొందరు బర్మా అమ్మాయిల్ని పెళ్ళాడి, పిల్లాపాపలతో ఆ ఓడలో తిరిగొచ్చారు. రేవు అధికారి సోమేశ్వరరావు అడ్డం పడ్డాడు.

“మగాళ్ళు దిగొచ్చు. ఆడాళ్ళు పరదేశీయులు, సర్కారు ఒప్పుకోదు. వెనక్కి తీసుకుపోండి.”

“గాలి మళ్ళేదాకా ఓడ కదలదండి. అందాకా తిండెవరు పెడతారండి?” అన్నాడు కనకరాజు.

“తెచ్చినవాళ్ళే!”

“ఆపినవాళ్ళు పెట్టాలి గదండీ!”

పెళ్ళాల్ని వదిలి మగాళ్ళూ దిగలేదు. ఏటి మధ్య లంగరేసిన ఓడకి కనకరాజు గాదెలోని బియ్యం రోజూ తరలిపోతున్నాయి. “మీది కుంపిణీ అనుకున్నానండి, సత్రమని చెప్పేరు కాదు,” అంది భార్య పాపాయమ్మ. కనకరాజుకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆడాళ్ళు దొంగచాటుగా దిగిపోతారని సోమేశ్వరరావు అనుమానం. బంట్రోతు ఎర్రయ్యని కర్రతో ఒడ్డున నిలబెట్టాడు. “ఓడ దగ్గర్నుంచి ఏ పడవొచ్చినా రానివ్వకు. నా పేరు చెప్పినా నమ్మకు.”

“ఆయ్,” అన్నాడు ఎర్రయ్య.

కనకరాజు బతిమాలగా బతిమాలగా, ఒకనాడు పొద్దున్నే, తనే చూసి తేలుస్తానని సోమేశ్వరరావు పడవెక్కి ఓడకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎర్రయ్య కర్ర అడ్డం పెట్టాడు.

“ఒరే, నేనురా!”

“తమరి పేరు చెప్పినా నమ్మొద్దని తమరే సెలవిచ్చేరండి.”

“ఆ హుకుం రద్దు చేస్తున్నాన్రా!”

“పడవలోంచి చెప్పే మాట ఎలా వినడవండి?”

సోమేశ్వరరావు ఒడ్డున ఉన్న కనకరాజుకేసి చూశాడు. “మీరైనా చెప్పండి!”

కనకరాజుకి నవ్వు ఆగడం లేదు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. “సర్కారు వ్యవహారంలో మా కుంపిణీ తల దూర్చకూడదండి.”

పడవ మళ్ళీ ఓడ దగ్గరికే పోయింది. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చింది. ఈసారి దాన్నిండా ఆడాళ్ళూ వాళ్ళ మొగుళ్ళూ పిల్లలూ ఉన్నారు. వాళ్ళ మధ్య, చంకలో ఎవరి పిల్లనో ఎత్తుకుని, ఆకలితో నీరసించిన సోమేశ్వరరావు.

“ఒరే ఎర్రయ్యా! వీళ్ళు పరదేశీయులు కారురా. అత్తారింటికొచ్చిన కోడళ్ళు!”

ఎర్రయ్య ఆలోచించాడు. “కోడళ్ళని ఆపమని హుకుం లేదండి. దిగండమ్మా. మరి తమరెవరండి?”

సోమేశ్వరరావు నోరు తెరిచేలోపు మాశ్వే అనే అమ్మాయి, మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగులో తాపీగా చెప్పింది. “మా అన్నయ్యగారండి. మమ్మల్ని దిగబెట్టడానికి వచ్చేరండి.”

“అలాగైతే దిగండి బాబూ,” అని ఎర్రయ్య కర్ర దించాడు.

రేవంతా ఘొల్లున నవ్వింది. సందు దొరికింది కదా అని కనకరాజు ముందుకొచ్చాడు. “ఇన్నాళ్ళు ఆపినందుకు సర్కారు మా బియ్యం ఇప్పించాలి గదండీ?”

సోమేశ్వరరావు అప్పటికి మళ్ళీ అధికారి అయిపోయాడు. “కోడళ్ళని ఎవరైనా ఆపుతారుటండీ? ఆపనేలేదే!”

ఈలోగా పిల్లలు ఆకలని ఏడుపు లంకించుకున్నారు. వాళ్ళు తమ ఊళ్ళకి వెళ్ళాలంటే తెల్లవారాలి. చేసేది లేక కనకరాజు అందర్నీ వెంటేసుకుని, భార్యకి ఏం చెప్పాలా అని నసుగుతూ ఇంటికి నడిచాడు.

పాపాయమ్మ వీధిలోకొచ్చి మాశ్వేని ఎగాదిగా చూసింది. “ఎంత చిక్కిపోయిందో పిల్ల! ఓడలో కూర సరిగ్గా పంపలేదుటండీ మీరు?” అని మొగుణ్ణి కసిరి, ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.